గిటారుకు రెండు బిందెల నీళ్లు

పోయిన నెల అనంతపురంలో ఒక చిన్న హాల్లో నా గిటారు కచేరీ జరిగింది. కచేరీ అనగానే పెద్దగా ఊహించుకోకండి. వంద కుర్చీలుంటాయేమో, అందులో సగం నా దగ్గర నేర్చుకునే పిల్లల అమ్మానాన్నలవే. సౌండు చూసుకోవడానికి షాహీన్ అనే అమ్మాయి వచ్చింది. మెడలో హెడ్‌ఫోన్లు, నోట్లో సోంపు. నా గిటారును రెండు చేతులా తీసుకుని, తీగలు కట్టే చెక్కపట్టీ పక్కన రూపాయి బిళ్లంత పికప్పు అంటించి, వైరు గుచ్చి, "వాయించండి మేడమ్" అంది. వాయించాను. నైలాన్ తీగ నా గదిలో ఎంత మెత్తగా మోగుతుందో అంత మెత్తగానే హాలు చివరిదాకా వినిపించింది. అంతా కలిపి ఐదు నిమిషాలు పట్టలేదు. సంతోషించాలి కదా? నాకు అరచేతులు చెమట పట్టాయి. "ఎర్తు సరిగ్గా ఉందా అమ్మా?" అని అడిగాను. ఉందంది. కాసేపాగి మళ్లీ అడిగాను. మూడోసారికి ఆ పిల్ల పక్కున నవ్వి, "మేడమ్, దీంట్లో ఉండేది చిన్న బ్యాటరీ. తీగలేమో నైలాన్. మీకేమైతాది చెప్పండి?" అంది. నాకేమీ కాదని నాకు తెలుసు. నైలాన్ తీగకు కరెంటు రాదన్న మాట ఆ పిల్ల పుట్టకముందే నేను విన్నాను. విన్నది మా నాయన నోట.

మాది కొత్తచెరువు. నాయనకు మైకు సెట్టు ఉండేది. మా ముందుగదిలో ఇనుప బూరలు ఒకదానిలో ఒకటి దూర్చి గోడకు ఆనించి ఉండేవి, వైరు చుట్టలు మేకులకు వేలాడేవి, ఆంప్లిఫయరు మీద అమ్మ పాత చీర కప్పి ఉండేది. మా ఇంటి వాసన ఎట్లా ఉండేదంటే, సోల్డరింగు పేస్టు కాలిన వాసనా, అమ్మ బొరుగుల ఉగ్గానికి పెట్టే పచ్చిమిరపకాయల పోపూ కలిసిపోయి, పొద్దున లేవగానే ముందు తుమ్ము వచ్చేది. పెళ్లికైనా, ప్రార్థన కూటానికైనా, ఎలక్షన్ మీటింగుకైనా నాయన బూరలే. ఊరంతటికీ అరుపులు అద్దెకిచ్చే ఆ మనిషి ఇంట్లో మాత్రం గొంతు పెంచేవాడు కాదు. అన్నంలో ఉప్పు తక్కువైతే డబ్బా వైపు వేలు చూపించేవాడు, అంతే. మైకు ముందు నిలబడి పరీక్ష చేసేటప్పుడు కూడా "ఒకటి, రెండు, మూడు" అని గొణుక్కున్నట్టే అనేవాడు. నాలుగు అనడం నేనెప్పుడూ వినలేదు.

చిన్నాయన ఉన్నప్పుడు అట్లా కాదట. అన్నదమ్ములిద్దరూ కలిసి సెట్టు నడిపేవాళ్లు. చిన్నాయన బూరలు కట్టేవాడు, పాటలు పాడి మైకు పరీక్షించేవాడు, ఆడవాళ్లను నవ్వించేవాడు. నాకు ఏడేళ్లప్పుడు నల్లమాడ అవతల ఒక పల్లెలో, సభ మధ్యలో మైకు స్టాండు పక్కకు జరపబోయి పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే పడిపోయాడు. ఇంటికి తెచ్చి చాప మీద పడుకోబెట్టినప్పుడు అతని కుడి పిడికిలి మూసుకునే ఉంది. మా అవ్వ దాన్ని విప్పుదామని వేళ్లు ఒక్కొక్కటీ లాగింది. రాలేదు. నేను తలుపు చాటు నుంచి చూశాను. ఆ తర్వాత చాలా ఏళ్లు ఇంట్లో స్విచ్చి వేయాల్సి వస్తే చీపురుపుల్లతో వేసేదాన్ని. అమ్మ తిట్టేది, నాయన తిట్టేవాడు కాదు.

ఆంప్లిఫయరు అనేది ఇనుప పెట్టె. పాతబడే కొద్దీ దాని కడుపులో ఎక్కడో కరెంటు కారుతుంది. కారిన కరెంటు నేలలోకి దిగడానికి దారి కావాలి, దారి లేకుంటే మైకు పట్టుకున్న మనిషే దారి అవుతాడు. అందుకని గుంత తీసి, ఇనుప కడ్డీ దిగ్గొట్టి, దానికీ పెట్టెకూ వైరు కలుపుతారు. వేరే సీమల్లో అంతటితో అయిపోతుంది కాబోలు. మా నేల అట్లాంటిది కాదు. అది ఎంత ఎండి ఉంటుందంటే కడ్డీ పాతినా పాతనట్టే. గుంతలో బొగ్గులు, గల్లుప్పు వేసి పైన నీళ్లు పోస్తే గాని అది ఎర్తు కాదు. చిన్నాయన పోయినప్పటి నుంచి నాయన బూరలతో పాటు రెండు బిందెల నీళ్లు టెంపోలో ఎక్కించుకోకుండా ఏ ఊరికీ పోలేదు. మా వీధికి కుళాయి నీళ్లు ఆరు రోజులకొకసారి వచ్చేవి. అమ్మ బిందెలు పట్టి వరసగా పెట్టుకునేది, నాయన వచ్చి అందులో రెండు ఎత్తుకుపోయేవాడు. "తాగేదానికి లేక మేము సస్తాంటే నువ్వు మంటికి తాపుతాండావా? నీకేమన్నా బుద్ధుండాదా?" అని అమ్మ వాకిట్లో నిలబడి వాయించేది. "మన్ను తాగకపోతే మనిషిని తాగుతాదే" అని నాయన మెల్లగా అనేవాడు. ఇద్దరికీ చిన్నాయన గుర్తొచ్చేవాడు. అమ్మ మిగిలిన బిందెలు ఎత్తుకుని లోపలికి పోయేది.

నాకు గిటారు నేర్పింది డేనియల్ సారు. బళ్లారి వైపు నుంచి వచ్చి మా చర్చి హాస్టల్లో పిల్లలకు పాటలు నేర్పేవాడు. ఒంటిమనిషి, పొడుగు, మాట్లాడితే సగం కన్నడం. ఆయన దగ్గర ఒక నైలాన్ తీగల గిటారు ఉండేది. ఆసుపత్రిలో పనిచేసి వెళ్లిపోతున్న ఒక విదేశీ నర్సమ్మ ఇచ్చి పోయిందట. తీగను మీటడానికి ఆయన బిళ్ల గిళ్ల వాడడు, గోళ్లే. ఆ గోళ్లను అగ్గిపెట్టె పక్కన గీసే గరుకు పట్టీ మీద రుద్దుకుని నున్నగా చేసుకునేవాడు, నాకూ అదే అలవాటు చేశాడు. ఇంట్లో అగ్గిపెట్టెలన్నీ పుల్లలుండీ పనికిరాకుండా పోయేవి. "నిదానమమ్మా, నిదానం. తీగను గిల్లొద్దు" అనేవాడు. నాలుగేళ్లు నేర్పి, తన చేతి కీళ్లు వాచి వాయించలేని రోజు వచ్చినప్పుడు ఆ గిటారును నా ఒళ్లో పెట్టి, "ఇంక నీదే" అన్నాడు. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. ఇంటర్ అయిపోయింది. అమ్మ చెనక్కాయల మిల్లులో వలుపు పనికి పోయేది, నన్నూ రమ్మంటోంది. సారేమో హాస్టల్ పని మానేసి ఊరికి పోవాలనుకుంటున్నాడు, తన పని నాకు ఇప్పించాలని ఆయన ఆశ. పాస్టరు గారు, "కోత పండగకు పల్లెలన్నీ వస్తాయి, ఆడ వాయించమను. జనం మెచ్చుకుంటే చూద్దాం" అన్నారు. మిల్లు దుమ్ములో అమ్మ దగ్గడం ప్రతి పొద్దునా వింటున్న నాకు ఆ మాట ఎట్లా పట్టుకుని ఉంటుందో చెప్పనక్కర లేదు.

చిక్కేమిటంటే, ఆ గిటారు నాలుగో వరసకు వినిపించదు. నాయనకేమో పిల్లలెవరూ మైకు దగ్గరికి పోకూడదన్నది ఒట్టు. సారు వచ్చి గంటసేపు మా అరుగు మీద కూర్చుని బతిమాలాడు. నాయన గిటారు తీసుకుని తీగలను వేలితో తడిమి, "ఇది ప్లాస్టిక్ గదా సారూ. దీనికి కరెంటు రాదు" అన్నాడు. అంటే ఒప్పుకున్నట్టే. మర్నాడే అనంతపురం పోయి ఎవరిదో ఆర్కెస్ట్రావాళ్ల దగ్గర పాత గిటారు పికప్పు పట్టుకొచ్చాడు. తీగల కింద బిగించాడు, వైరు కలిపాడు. నేను వాయించాను. బూరలో చప్పుడే లేదు. ఆంప్లిఫయరు మూత విప్పాడు, వైర్లన్నీ మార్చాడు, రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు. ముప్పై ఏళ్లు ఊరిని అరిపించిన మనిషికి కూతురి గిటారు నోరు తెరవకపోతే ఎట్లా ఉంటుంది? మూడో రోజు సారు వచ్చి చూసి పడీ పడీ నవ్వాడు. "ఏమప్పా, అది అయస్కాంతం. ఇనుప తీగ ఆడితేనే దానికి తెలుస్తాది. నైలాన్ ఆడితే దానికేం తెలుస్తాది?" నాయన మొహం చూడాలి. తర్వాత గిటారు ముందు మామూలు మైకు పెట్టి చూశాడు, వినిపించేంత పెంచేసరికి బూర కీచుమని కూత పట్టింది. చివరికి పాత మైకు ఒకటి పగలగొట్టి లోపలి బిళ్ల తీసి, సైకిల్ ట్యూబుకు పూసే సొల్యూషన్‌తో గిటారు చెక్కకే అంటించాడు. ఎక్కడ అంటించాలో తెలుసుకోవడానికి ఒక సాయంత్రమంతా నన్ను వాయిస్తూ ఉండమని, తను నేల మీద మోకాళ్లూని, చెక్కకు చెవి ఆనించి అక్కడా ఇక్కడా విన్నాడు. అంతసేపు నాయన నా దగ్గరగా కూర్చోవడం అదే మొదటిసారి.

కోత పండగ నల్లమాడ దాటి ఒక పల్లెలో. మధ్యాహ్నం చేరాం. ఆ ఏడు కోసుకునేదేమీ లేదు, వాన చుక్క పడలేదు. అయినా పండగ పండగే కదా, దేవుడికని నాలుగు సొరకాయలు, ఒక కోడిపుంజు, గంపెడు తాలు చెనక్కాయలు బల్ల మీద పెట్టారు. చర్చి బోరు ఎండిపోయి నెలలైందట. బెంచీలు జతచేసి పైన పలకలు పరిచి వేదిక కట్టారు. నాయన వేదిక వెనక గుంత తీసి, కడ్డీ కొట్టి, బొగ్గులూ ఉప్పూ వేసి, "రెండు బిందెలూ పోసెయ్ పాపా, నేను చెట్టుకు బూర కట్టేసి వస్తా" అని పైకెక్కాడు. నేను ఒక బిందె చంకనెత్తుకున్నాను. అప్పుడే పల్లెల నుంచి నడిచి వచ్చిన ముసలమ్మలు వేదిక ముందర కూలబడుతున్నారు. ఒకామె నన్ను చూసి, "ఏమ్మా, గుక్కెడు పోస్తావా? పొద్దున అనంగా బయలెల్లినాం, గొంతు అంటుకపోతాండాది" అంది. నేనేం చేయను? దోసిలి పట్టింది, పోశాను. పక్కామె పట్టింది. ఇంకొకామె. వాళ్ల చేతులు వణుకుతుంటే సగం నీళ్లు కింద పోయాయి. రెండో బిందె కూడా తెచ్చి పోశాను. వేదిక ముందర నేలంతా బురదయింది, వెనక గుంతలో బొగ్గులు పొడిగా అట్లాగే ఉన్నాయి. ఆ నీళ్లు ఇచ్చినందుకు నాకు ఏనాడూ బాధ లేదు. నాయన చెట్టు దిగి వచ్చి, "పోసినావా పాపా?" అని అడిగాడు. అదీ నా పాడు గడియ. లేదంటే సెట్టు ఆపేస్తాడు, అది ఖాయం. చుట్టూ రెండు మైళ్లలో నీళ్లు లేవు. మైకు లేకుంటే నా వాయింపు లేదు, హాస్టల్ పని లేదు. "పోసినా నాయనా" అన్నాను. మామూలుగా అయితే బల్బు పెట్టి ఎర్తు పరీక్ష చేసుకునేవాడు. ఆ రోజు పాస్టరు గారు తొందరపెడుతుంటే నా మాట మీద వదిలేశాడు.

నేను గిటారు ఒళ్లో పెట్టుకుని వేదిక మీద కుర్చీలో కూర్చున్నాను. నా పక్కనే మైకు స్టాండు. నన్ను జనానికి పరిచయం చేయడానికి సారు పైకి వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, దాని మడతలు ఇంకా పోలేదు. ఆయన చెయ్యి స్టాండు మీదికి పోతోంది. చెప్పు, చెప్పు అని నా లోపల ఏదో గింజుకుంటోంది. నాకు చిన్నాయన పిడికిలి కనిపించింది, అబద్ధమెందుకు, స్పష్టంగా కనిపించింది. సారు స్టాండు పట్టుకున్నాడు, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అబ్బా! చక్కిలిగింతలు పెడతాండాదప్పా ఈ మైకు!" అని నవ్వాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన చేతులు వెనక కట్టుకుని మాట్లాడాడు. నా గురించే మాట్లాడాడు, ఎంత మెత్తటి చెయ్యి, ఎంత ఓపిక, అని. పెదవి మైకుకు తగిలినప్పుడల్లా ఉలిక్కిపడి వెనక్కి జరిగేవాడు. కింద పలకలు ఉన్నాయి, ఎండుకట్టె, కరెంటు దిగదు, ఏమీ కాదు, ఏమీ కాదు అని నాలో నేను అనుకుంటూ కూర్చున్నాను.

సారు కుర్చీలో కూర్చున్నాక నేను మొదలుపెట్టాను. బూరల్లోంచి నా తీగ వినిపించింది. డబ్బాలో గులకరాయి వేసినట్టు వినిపించింది గాని, నాదే. ముసలమ్మలు నన్ను కాకుండా చెట్టు మీది బూరను చూస్తూ విన్నారు. ఒక చరణం అయ్యిందో లేదో, గిటారు డొల్లలోంచి ఊం అని మోత మొదలై పెరిగిపోయింది. దానికి తోడు పక్కనున్న మైకు కూడా కూత పట్టింది. నాయన ఆంప్లిఫయరు దగ్గర నుంచి లేచి, సెట్టు దగ్గర ఎప్పుడూ విప్పని రబ్బరు చెప్పులు అక్కడే వదిలేసి, స్టాండును నా గిటారుకు దూరంగా జరపడానికి పరుగెత్తుకొచ్చాడు. వేదిక ఎక్కలేదు. ముందర నిలబడే చెయ్యి చాచాడు. ఆయన పాదాలు బురదలో ఉన్నాయి. ముసలమ్మలు తాగగా ఒలికిన నీళ్ల బురద. ఒళ్లంతా చెమట. నేను అరిచాను. "నాయనా! ముట్టద్దు! గుంతలో నీళ్లు పోయలా! నేను పోయలా నాయనా!" మైకు పక్కనే ఉంది కదా, ఆ అరుపు బూరల్లోంచి పల్లె అంతా వినిపించింది. నా జన్మలో అంతకంటే గట్టిగా ఎవరికీ వినిపించలేదు.

నాయన చెయ్యి స్టాండుకు జానెడు దూరంలో ఆగింది. ఆయన కిందికి, తన కాళ్ల వైపు చూసుకున్నాడు. ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి, పొడినేల మీదికి పోయి, చెప్పులు వేసుకున్నాడు. కరెంటు ఆపుతాడనుకున్నాను. ఆపలేదు. బల్బు తెచ్చి ఒక వైరు స్టాండుకు తగిలించి, రెండో వైరు ఆ బురదలో గుచ్చాడు. బల్బు వెలిగింది. ఆ ఎండలో కూడా అందరికీ కనిపించేంతగా వెలిగింది. ముసలమ్మలు "యేసయ్యా" అంటూ వెనక్కి జరిగారు. సారు తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు. నాయన ప్లగ్గు పీకేశాడు. పండగ మైకు లేకుండానే జరిగింది, పాస్టరు గారు గొంతు చించుకుని ప్రార్థన చేశారు. ఆ రోజు నేను మళ్లీ గిటారు ముట్టలేదు.

హాస్టల్ పని నాకే వచ్చింది. సారు పోయి పాస్టరు గారితో ఏం చెప్పాడో తెలియదు. వెళ్లిపోయే ముందు వారం ఎప్పటిలాగే వచ్చి, "వేళ్లు చూపించు" అని నా గోళ్లు చూసి, ఒకటి సరిగ్గా లేదని అగ్గిపెట్టె ఇచ్చాడు. ఆ రోజు మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ తర్వాత ఆయన్ను చూడలేదు, పోయాడని కబురే వచ్చింది. ఆ పనితో మొదలై ఇప్పటిదాకా నేను తింటున్న ముద్ద ఆయన పెట్టిందే. నాయనా లేడు. ఇప్పుడు మైకులు చేతిలో పట్టుకుని పిల్లలు గంతులేస్తారు, వైర్లే లేవు సగం వాటికి. ఎర్తు గురించి అడిగితే నవ్వుతారు, మంచిదే, నవ్వేంత ధైర్యంగా బతకడం మంచిదే. అప్పట్లో మేము ప్రతిదానికీ భయపడుతూ బతికాం, నీళ్లు చాలవని, కరెంటు పట్టుకుంటుందని. ఎవరైనా నా భయం గురించి అడిగితే చిన్నాయన సంగతి చెబుతాను. అయ్యో పాపం అంటారు. అది నిజమే గాని, నేను ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంది.

ఆ సాయంత్రం తిరిగి వస్తూ నాయన ముందు సీటులో కూర్చోలేదు. టెంపో వెనక బూరల మధ్య నా ఎదురుగా కూర్చున్నాడు. ఖాళీ బిందెలు రెండూ గతుకులకు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. తిడతాడనుకుని బిగుసుకుని కూర్చున్నాను. చాలాసేపటికి, "తాగేదానికి అడిగితే ఇయ్యాల్సిందే. దానికి నిన్నేమీ అనను" అన్నాడు. తర్వాత కాలికి తగులుతున్న బూరను పక్కకు జరిపి, "అబద్ధం చెప్పినావు. వాయించాలని ఆశ. సరేలే" అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది. అయిపోయిందనుకున్నాను.

"సారుకు తగిలినప్పుడు చూసినావా?"

"చూసినా నాయనా."

"మరి అప్పుడెందుకు అరవలా?"

నేను కొట్టుకుంటున్న బిందెలను కాళ్ల మధ్య ఇరికించి పట్టుకున్నాను. ఆయన తొందరపెట్టలేదు. ఊరికే నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. జవాబు నాకు తెలుసు, నా నోట్లోనే ఉంది. సారు మా నాయన కాదు, అందుకని అరవలేదు. నాకు అంత చేసిన మనిషి చచ్చిపోవచ్చని తెలిసి కూడా, నా పాట వినిపించాలని నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ మాట పైకి అనలేకపోయాను. నేను అనకపోయినా ఆయనకు అర్థమైనట్టుంది. నాయన కళ్లలో భయం కనిపించింది. నన్ను చూసి భయపడ్డాడు మా నాయన. తర్వాత మొహం తిప్పుకుని, కొత్తచెరువు వచ్చేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.